ముందుగాల ఎవరిని చూస్తవ్?

ఏమడిగినవ్ రిషితా? భయమైతుందా అనా? రేపు పొద్దుగాల కంటి ఆపరేషన్ పెట్టుకొని భయం గాకుంటె ఏమైతది బిడ్డా. నీ మొఖమే నాకు మబ్బుల కనవడ్డట్టున్నది. మన రత్నాకర్ డాక్టర్ ఉంటెనా, ఒక్కన్నే నడ్సుకుంట పోదును. నీకెట్ల ఎరుక, నువ్వు పుట్టకముందే పాయె. ముప్పై ఏండ్లు గీ మెదక్లనే, రెండు కిరాయి రూములల్ల దవాఖాన. గోడకు అక్షరాల బోర్డుండె గని, మనోళ్లకు సదువెక్కడిది? కిటికీ తెరిచి, "ఖిల్లా దిక్కు చూడు పెద్దమ్మా, మెట్ల మీద ఏమున్నది?" అంటుండె. "మేకలు సారూ." "ఎన్ని?" "మూడు." "నాలుగున్నయ్. నాలుగోదాన్ని నేను చూపిస్త తీయ్" అని నవ్వుతుండె. కోపం గూడ మస్తుండె. కండ్లల్ల ఆకుపసరు పోసుకొని అచ్చినోళ్లను తిడ్తుండె సూడూ... ఏం చెప్తున్న నేను? ఆఁ, మా అమ్మ ముచ్చట.

మా అమ్మ ఐలమ్మకు రెండు కండ్లకు పొరలొచ్చి ఏడేండ్లు సూపు లేకుండె. డాక్టర్‌కు ఒక అలవాటుండె. ఆపరేషన్‌కు ముందు ఎవరినైనా సరే, "పట్టీ ఇప్పినంక ముందుగాల ఎవరిని చూస్తవ్?" అని అడుగుతడు. వాళ్లనే తెచ్చి ఎదురుంగ కూసోబెడ్తడు. అమ్మ ఏమన్నది? "నా చిన్నోడు లక్ష్మయ్యను సారూ" అన్నది. నేను పక్కనే నిలవడ్డ. ఏడేండ్లు చెయ్యి వట్టి తిప్పింది నేను, అన్నం కలిపి పెట్టింది నేను. కడుపు మండింది బిడ్డా, అబద్ధమెందుకు. పొలం గెట్టు కాడ నాతోని లొల్లై తమ్ముడు శంకరంపేటల అత్తగారింటికి పోయిండు, మాటల్లేవ్. "పోయి తీస్కరా" అన్నడు డాక్టర్. "రాడు సార్." "రాకుంటె పట్టీ ఇప్ప. ఊకెనే అడిగిన అనుకున్నవా?"

పోయిన. అమ్మ పేరు చెప్తె అంగీ ఏసుకొని ఎంట అచ్చిండు. బస్సుల వాడు ముందట కూసున్నడు, నేను ఎనుక. డాక్టర్ ఇద్దర్ని ఒకటే బల్ల మీద కూసోబెట్టి, మెల్లగ పట్టీ ఇప్పిండు. కిటికీ తెర సందుకెళ్లి జరంత ఎండ పడ్డది. గా వెలుతురు ఇంక నా కండ్లల్లనే ఉన్నది. అమ్మ రెప్పలు కొట్టుకుంట చూసింది, చూసింది... మా ఇద్దరి మొఖాలు ఒకటే తీరు గదా. చెయ్యి చాపి నా గదువ పట్టుకున్నది. "లక్ష్మయ్యా, గింత చిక్కినవేంది కొడుకా" అన్నది. నేను నోరు తెరవలే. వాడూ తెరవలే. డాక్టర్ కిటికీ దిక్కు తిరిగి నిలవడ్డడు. వాడు ఎనుకకెళ్లి నా వీపు మీద చెయ్యేసిండు. మెత్తగ, బరువుగ... ఇప్పుడు గూడ తెలుస్తది నాకు.

అమ్మ పోయినంక మళ్ల గదే గెట్టు, గదే లొల్లి. వాడు మళ్ల శంకరంపేటకే పాయె. పన్నెండేండ్లాయె వాని మొఖం చూడక. తప్పు నాదే బిడ్డా, ఎక్కువ నాదే. నిన్న గా డాక్టరమ్మ షుగరడిగింది, బీపీ అడిగింది. గదొక్కటి అడగలే. అడుగుతదేమో అని చాన సేపు కూసున్న నేను...

రిషితా, శంకరంపేట నుంచి పొద్దుగాల మొదటి బస్సు ఎన్నింటికున్నదో జర చూడు.