మంచం పక్కన ఫోటో

మూసి ఉన్న ఫోటో స్టూడియో. లోపల, ఒకప్పుడు ఫిల్ములు కడిగిన చీకటి గదిలో ఫోటోగ్రాఫరు. వచ్చింది ఆయన మరదలు, భార్యకి సొంత చెల్లెలు.

"లైటు వెయ్యకు."

"ఏం, ఫిల్ములు కడుగుతున్నావా? ఫిల్ముల కాలం పోయి ఎన్నేళ్ళయింది బావా!"

"వెయ్యకన్నానా."

"బాగుంది వరస. పొరుగూళ్ళలో వరసగా పెళ్ళి ఫోటోలున్నాయి, ఓ నెల మీ అక్కని కాస్త చూసుకో అని నన్ను తెచ్చి ఇంట్లో కూర్చోబెట్టావు. తీరా చూస్తే రెండు వీధుల అవతలే ఉన్నావు. ఇస్త్రీ అతను చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"ఏం చెప్పాడు వాడు?"

"మీ బావగారు పొద్దున్నే షట్టరు సగం ఎత్తి, గొడుగంత టోపీ పెట్టుకుని పాలపాకెట్టు లోపలికి లాక్కుంటున్నారమ్మా, అన్నాడు. పోలీసులేమైనా వెతుకుతున్నారా నిన్ను?"

"మీ అక్క ఎలా ఉంది?"

"దాని గురించేగా పరిగెత్తుకొచ్చింది. ఒక మాట చెప్తే ఎగిరి గంతేస్తావు. ముందు నీ మొహం చూడనీ."

"వద్దే. స్టూలు మీద కూర్చుని అలాగే చెప్పు. లైటు మాత్రం..."

"వేసేశా. అయ్యో! అయ్యయ్యో బావా! ఏమిటిది? ఎవరు కొట్టారు?"

"ఎవరూ కొట్టలేదు."

"తల నిండా ఆ పొక్కులేమిటి? వెనకాల ఆ మచ్చలేమిటి? ఎక్కడైనా పడ్డావా?"

"జుట్టు."

"ఏం జుట్టు?"

"నాటించుకున్నా."

"నాటించుకోవడమేమిటి, తలేమైనా నారుమడా?"

"వెనకాలవి ఒక్కొక్కటీ తీసి ముందు నాటుతారు. అందరూ చేయించుకుంటున్నారు."

"అందరూ అంటే పెళ్ళికావాల్సినవాళ్ళు. అరవై దాటాక నీకెందుకు బావా ఈ సోకు? కొత్త సంబంధమేమైనా కుదిరిందా?"

"నవ్వకే."

"నవ్వట్లేదు. నిన్నిలా చూడలేకపోతున్నా. అందుకే ఏదో ఒకటి వాగుతున్నా."

"దగ్గరికి రా. నుదుటి పైన ముందు వరస కనిపిస్తోందా?"

"ఏదీ? నాకేం కనిపించట్లేదు."

"సరిగ్గా చూడు. అక్కడే ఉండాలి. మొన్నటిదాకా ఉంది."

"లేదు బావా."

"అయితే దిండు మీద చూడు."

"ఈ నలకలా?"

"నలకలు కాదే. అవే. రోజూ రాలుతున్నాయి. లేవగానే దిండు దులపడానికి భయమేస్తోంది. అక్కడనుంచి తీసి ఇక్కడ పెట్టారు, ఇప్పుడు అక్కడా లేదు, ఇక్కడా లేదు."

"డాక్టరేమన్నాడు?"

"మామూలే అన్నాడు. నాటినవి ముందు రాలతాయట, వేళ్ళు లోపలే ఉంటాయట, తర్వాత మెల్లగా మొలుస్తాయట. మొదట్లో నుదురు వాచి కళ్ళు మూసుకుపోయాయి. మామూలే అన్నాడు. తల వెనక మొద్దుబారిపోయింది డాక్టరుగారూ, నాది కాదన్నట్టుంది అంటే, అదీ మామూలే, కొన్నాళ్ళకి తగ్గుతుంది అన్నాడు. ఆ మనిషికి మామూలు కానిదంటూ లేదు."

"ఏదీ, చెయ్యి వెయ్యనా?"

"వెయ్యి. ఊఁ, వేశావా?"

"వేసే ఉంచాను బావా."

"చూశావా మరి."

"మొహం పీక్కుపోయిందేమిటి? తింటున్నావా అసలు?"

"మాత్రలు. వేసుకున్న గంటకి కళ్ళు తిరుగుతాయి. గుండె దడ. నిన్న ఆ సింకు పట్టుకుని నిలబడిపోయా."

"డాక్టరుకి చెప్పావా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మానెయ్యమంటాడేమోనని. మానేస్తే ఉన్నవి కూడా రాలితేనో?"

"నీకు మతి పోయిందా? ఇక్కడ ఒక్కడివీ పడిపోతే ఎవరికి తెలుస్తుంది? రేపు పొద్దున్నే నేనొస్తా. ఇద్దరం కలిసి ఆ డాక్టరు దగ్గరికి వెళ్దాం. రాత్రైనా పడుకుంటున్నావా?"

"కూర్చునే. మొదట్లో కూర్చునే నిద్రపోమన్నారు. ఇప్పుడు పడుకోవచ్చట. కానీ తల ఆనిస్తే ఇంకా రాలతాయేమోనని..."

"ఎందుకు బావా ఇంత హింస? పూర్తిగా ఎప్పటికి వస్తుందట ఆ జుట్టు?"

"ఏడాది పట్టొచ్చు."

"ఏడాదా!"

"అదేనే నా భయం. నొప్పి గిప్పి నేను పడతాను. ఏడాదికి మీ అక్కకి ఆ మంచం పక్కన ఫోటోలో మనిషైనా గుర్తుంటాడా?"

"అక్క కోసమా? ఇదంతా అక్క కోసమా?"

"మరెవరికోసం చేశాననుకున్నావు? అద్దంలో చూసుకుని మురిసిపోవడానికా?"

"బావా..."

"నాదే తప్పు. మీ అక్కకి మతిమరుపు జబ్బు మొదలైనప్పుడే నరాల డాక్టరు చెప్పాడు, ఆవిడకి బాగా దగ్గరైనవాళ్ళ ఫోటో మంచం పక్కన పెట్టండి, రోజూ చూపించి పేరు చెప్పండి అని. నేనేం చేశాను? ఉన్నవాటిలో మంచిది ఏరాను. పెళ్ళైన కొత్తలో కెమెరా స్టాండు మీద పెట్టి, టైమరు నొక్కి, మీ అక్క పక్కకి పరిగెత్తానే, అది."

"రింగుల జుట్టు మొహం మీద పడి ఉంటుంది. నవ్వుతూ ఉంటావు."

"అదే. ఇదిగో నీ మొగుడు, ఇదిగో నీ మొగుడు అని రోజూ నేనే చూపించా. పాఠం చెప్పినట్టు చెప్పా. బాగా నేర్చుకుంది. తర్వాతొక రోజు కాఫీ తీసుకెళ్తే, ఎవరు నువ్వు, మా ఆయన వచ్చే వేళైంది, బయటికి నడువు అంది."

"బట్టతల వచ్చాక తీసిన ఫోటో ఒకటి పెట్టలేకపోయావా?"

"ఉంటేగా! అందరికీ తీసినవాడికి ఫోటోలెక్కడుంటాయే? ఎక్కడికెళ్ళినా కెమెరా వెనకే. మీ పెళ్ళి ఆల్బములో కూడా నేను లేను, చూసుకో."

"నిజమే, లేవు."

"విగ్గు పెట్టుకుని కూడా వెళ్ళా, తెలుసా? ముందు మొహం వెలిగిపోయింది. దగ్గరికి రమ్మంది. జుట్టు సర్దుతానని చెయ్యి పెట్టింది. విగ్గు చేతిలోకి ఊడొచ్చింది. దొంగ, దొంగ, మా ఆయన జుట్టు ఎత్తుకొచ్చాడు అని కేకలు."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"చెప్పుకునే సంగతా? అందుకే ఈసారి ఊడనిది కావాలనుకున్నా. డాక్టరుకి ఆ ఫోటో చూపించి, ముందు వరస ఇదిగో ఇలా రావాలి అన్నా. ఆయన నవ్వాడు. నవ్వనీ. ఎంతమంది బట్టతలలకి ప్రింటు మీద పెన్సిలుతో జుట్టు పెట్టానో ఈ గదిలో! ఒక్కడికీ వాపు రాలేదు, ఒక్కడికీ రాలలేదు. నాకు మాత్రం..."

"ఏడవకు బావా. నువ్వేడిస్తే నేనాగలేను."

"మనిషిని బతికుండగానే మర్చిపోవడం సరే, జబ్బు అనుకున్నా. కానీ నన్ను నాకోసమే బయటికి గెంటుతుంటే తట్టుకోలేకపోయానే. రెండేళ్ళు గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చున్నా. నారింజ వలిచి, గింజలు తీసి, ప్లేటు లోపలికి తోసేవాణ్ణి. నేను అటు తిరిగితే తీసుకునేది. ఇటు తిరిగితే ప్లేటు వదిలేసేది. అందుకని అటే తిరిగి కూర్చునేవాణ్ణి."

"చూశాను. వీధివైపు తిరిగి కూర్చుని ఏం చూస్తున్నాడబ్బా అనుకునేదాన్ని."

"ఏమీ చూసేవాణ్ణి కాదు. ప్లేటు చప్పుడు వినేవాణ్ణి. సరే, వదిలెయ్. ఎగిరి గంతేసే మాట ఏదో ఉందన్నావు?"

"ఏం లేదులే. నేను వెళ్తా. అక్క లేచే వేళైంది."

"పరిగెత్తుకొచ్చానన్నావుగా?"

"అక్క బాగా నిద్రపోతోంది ఈ మధ్య. అదే చెప్దామని."

"అబద్ధం. చిన్నప్పటినుంచీ అంతే నువ్వు, అబద్ధమాడితే కొంగు వేలికి చుట్టుకుంటావు. ఏమైంది దానికి?"

"ఏం కాలేదన్నానా."

"చెప్పవే."

"సరిగ్గా తినట్లేదు బావా. నువ్వు వచ్చేసిన దగ్గర్నుంచీ తగ్గించేసింది. ఈ నాలుగు రోజులూ మరీ."

"ఆయన మీద బెంగ. ఫోటో చూపించి, వచ్చేస్తాడు అని చెప్పలేకపోయావా?"

"చూపించా. తీసుకుని బోర్లా పెట్టేసింది."

"బోర్లానా?"

"ఊఁ."

"అంటే వాణ్ణి కూడా మర్చిపోయింది. అయిపోయింది. ఎవడిలా అవుదామని ఈ కోతలన్నీ కోయించుకున్నానో వాణ్ణే మర్చిపోయింది. ఇంక ఇవి మొలిస్తే ఎంత, రాలితే ఎంత?"

"అది కాదు బావా."

"మరేది? ఆ ఫోటోలోవాడూ అక్కర్లేకపోతే ఎవరికోసం మానేసింది తిండి?"

"ఇప్పుడొద్దు. నీ ఒళ్ళు కుదుటపడనీ. ఆనక చెప్తా."

"నా మీద ఒట్టు."

"ఒట్లు పెట్టకు! ఇది చెప్పి నిన్ను ఇంటికి లాక్కుపోదామని ఎంత సంతోషంగా వచ్చానో తెలుసా? దారంతా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చా. ఈ తల చూశాక నోరు రావట్లేదు."

"ఎవరికోసమే?"

"పొద్దున్న నేను నారింజ వలిచి పెట్టా. ముట్టుకోలేదు. గుమ్మం బయట నీ ఖాళీ కుర్చీ వైపే చూస్తూ కూర్చుంది. ఏమిటక్కా అంటే, నా చెయ్యి పట్టుకుని, 'రోజూ అక్కడ కూర్చునే బట్టతలాయన ఏడే? మీరెవరైనా ఏమన్నా అన్నారా పాపం? ఈసారి వస్తే బయట కూర్చోబెట్టకు, లోపలికి రమ్మను' అంది."