ఇప్పచెట్టెక్కిన వరద

హలో… ఆ, సోహైల్‌నే సార్. వాగు ఒడ్డు మీదనే ఉన్న… అవ్, ఈ వాగు మీది బ్రిడ్జి కోసం పొద్దుగాల పంపిన వరద లెక్క నాదే.

…గోదావరి కంటె ఎక్కువ వచ్చిందా? నాక్కూడ గట్లనే అనిపించింది సార్. మళ్ళ చేసి చూసిన. మళ్ళ గదే వచ్చింది.

…లే సార్, నేను తాగను. మీకు ఎరుకే కదా.

…ఏం చేయమంటరు మరి? ఈ వాగుల నీళ్ళు ఎవ్వరు ఎప్పుడు కొలవలే. వాన లెక్క అంటె దూరంగ ఏన్కూరుల కొలిచింది ఉంది. ఈ గుట్టల్ల ఎంత పడ్డదో ఎవరికి ఎరుక? అందుకే వరద ఎక్కడిదాక లేచిందో గుర్తు ఎతికి, ఆ ఎత్తును బట్టి లెక్కగట్టిన.

…గుర్తా? ఒడ్డు మీద ఇప్పచెట్టు ఉంది. దాని పంగల వరదకు కొట్టుకొచ్చిన గడ్డి ఇరుక్కుంది… చానా పైన సార్. మెడ ఎత్తి చూస్తే నా టోపీ ఎనకకు పడ్డది.

…నీళ్ళు అంత ఎత్తు లేస్తే కింద ఊర్లన్ని మునిగేవంటరా?… అవ్. గది ఆలోచించలే.

…మంజూరు మీటింగ్‌ల మీ వంతు వస్తుందా? సార్, ఈ లెక్క లోపల చెప్పకున్రి. అంత పెద్ద బ్రిడ్జి అంటె ఫైల్ పక్కకు పడేస్తరు. మళ్ళ వచ్చే ఏడంటరు. ఈడ ఊర్ల ముత్తక్కని ఉంది, ఆమె కోడల్ని పోయిన వానలల్ల కాన్పుకని మంచం మీద మోసుకపోయిన్రు. నడి వాగుల మంచం జారిందంట, ఎట్లనో పట్టి ఒడ్డెక్కించిన్రంట. గది ఇన్నప్పటిసంది ఈ వాగును చూస్తే నాకు బుగులైతుంది సార్.

…ఒక్క నిమిషం. ముత్తక్కే వస్తుంది… చెట్టుకు నిచ్చెన ఏసింది… ఎక్కుతుంది…

…సార్. వరదను కిందికి గుంజుతుంది.

…గదే, గడ్డి. కట్టలు కట్టి ఉంది. బర్రెకు ఏస్తుంది.

…ముత్తక్కా, మా పెద్దసారు అడుగుతుండు. గడ్డి చెట్టు మీదికి ఎట్ల పోయింది?… ఆమెనే పెట్టిందంట సార్. కింద ఉంటె పసులు తింటయని. ఊరంత గట్లనే పెడతరంట.

…మీరు నవ్వుడు ఆపితే ఒక మాట చెప్త. చెట్టు మొదట్ల ఒండ్రు గీత ఉంది. ఎదురు బండకు కూడ గదే ఎత్తుల ఉంది… నా నడుం దాక వస్తుంది. వరద గుర్తు గిదే సార్.

…నడుం లోతుకు బ్రిడ్జి ఎందుకా? అట్లంటరేంది. వాగు ఉరుకు మీదున్నప్పుడు నడుం లోతు చాలదా మనిషిని గుంజుకపోయేందుకు?

…సరే, లోపలికి పోన్రి. కొత్త లెక్క జల్దీ మెసేజ్ పెడత. ఫోన్ మాత్రం కట్ చేయకున్రి…

…

…సార్? అంతమంది ఎందుకు నవ్వుతున్రు?… గడ్డి సంగతి చెప్పిన్రా… నా పేరుతోటా?

…ఏంది? చిన్న బ్రిడ్జి చాలు కాబట్టి ఈ ఏడే మంజూరా?… నిజంగనే సార్?

…పోనియ్యున్రి, నవ్వుకోనియ్యున్రి. ఇంకింత నవ్వుకోనియ్యున్రి. నాకు మస్తు సంతోషంగుంది సార్… ముత్తక్కా, బ్రిడ్జి వస్తుందంట…

…ఉంట సార్, ఈ బర్రె… ఏయ్, అది గడ్డి కాదు, నా కొలత టేపు, వదులు—