సూర్యుడి దీపం మీద షామియానా

సదువు ఎప్పుడు నేర్చినవ్ నాయనమ్మా అంటవా? నవ్వద్దు మరి. మీ నాయన పెండ్లి అయినంక నేర్చిన.

గప్పుడు కొండాపూర్ల ఏముండె బిడ్డా, రాళ్ళ గుట్టలు. మాదాపూర్ దిక్కు ఆ కంప్యూటరోళ్ళ గుండ్రటి బిల్డింగు అప్పుడప్పుడే లేస్తుండె. పగలు కూలికి పోయేటోళ్ళం, మాకు బడి అంటే సందె వేళనే. ఆ యాళ్లకే కరెంటు పోయేది. కందిలి పొగకు కండ్లు మండేటియి. అట్లుంటే ఎక్కడి దేశమోళ్ళో, పేరు నోరు తిరగదు, మా బడికి సూర్యుడి దీపం పంపిండ్రు. కంబానికి అద్దం పలక. అది పగలంత ఎండ తాగి సందెకు బల్బు వెలిగిస్తదంట! నాకు భలే వింతైంది.

ఆ పంపినోళ్ళే సూడనీకి వస్తున్నరని తెలిసింది. ఇగ మా సందె బడులు సూసుకునే ఆఫీసరు సారు పరేషాన్. దీపం వెలగకుంటే వేరే ఊరికి తీస్కపోతరు, బడి బంద్ అన్నది మా టీచరమ్మ. నాకేమో సగం అక్షరాలే వచ్చినయ్ అప్పటికి.

సారు ఏం జేసిండో ఎరికేనా? వచ్చేటోళ్ళకు ఎండ తగలద్దని మూడు దినాల ముందే వాకిలంత షామియానా కట్టించిండు. పలక గూడ దాని కిందనే!

"సారూ, దానికి జర ఎండ గావాలె గద" అన్న.

"నీకేం తెలుస్తదమ్మా, పక్కకు జరుగు" అన్నడు.

వాళ్ళు వచ్చే గంట ముందు మీట నొక్కితే ఏముంది, వెలగలే. సారు ఉరికి, పక్కన బిల్డింగు కట్టేటోళ్ళ జనరేటరు కెల్లి వైరు గుంజుకొచ్చిండు. వెలిగింది. ఆ దేశపు దొరసాని వచ్చింది, అందరు సప్పట్లు గొట్టిండ్రు. ఆ డబడబ సప్పుడేంది అని అడిగిందంట ఆమె. బిల్డింగు పని అన్నడు సారు. అబద్ధం గాదు లే.

ఆమె నా చెయ్యి పట్టుకొని, దీపం ఎట్లుందని అడిగింది. నిజం జెప్తే బడి పోతదేమో. "సూర్యుడు మంచోడే తల్లీ, జర ఆ గుడ్డ తీపిస్తే ఆయననే వెలిగిస్తడు" అన్న. సారు ఇంగ్లీషుల ఏదో జెప్పిండు. ఆమె మురిసిపోయి దండం పెట్టింది నాకు.

తెల్లారి మా ఆడోళ్ళమే షామియానా తాళ్ళు ఇప్పినం. సందెకు ఎంత తెల్లగ వెలిగింది! బడి నిలబడ్డది.

నాకు ఒత్తులు గూడ వచ్చేసరికి ఆ దీపం పంపినోళ్ళు అచ్చేసిన పుస్తకం వచ్చింది, తెలుగుల. అండ్ల నా ఫోటో. కింద వేలు పెట్టి కూడబలుక్కొని సదివిన. 'ఈ దీపం సూర్యుని కన్న గొప్పది, ఇచ్చినవారికి వందనాలు.' నేనన్ననంట! మల్లొక్కసారి సదివిన. గట్లనే ఉంది. నా అంతట నేను సదివిన మొదటి మాట బిడ్డా అది, నేను అననే లేదు.

సరే, నువ్వు సల్లగుండాలె, మంచిగ సదువుకోవాలె తల్లీ... ఏందీ, ఇప్పటిదాంక ఇదంత రాస్తున్నవా? ఏదీ, ఇటియ్యి. నా కండ్లద్దాలు గూడ ఇయ్యి.