గుండీ కుట్టేంతసేపు

దర్జీ కొట్టు. మిషను దగ్గర నాయనమ్మ, గుండీల డబ్బా ముందు మనవరాలు, గుమ్మంలో చేత చొక్కాతో ఒక పాతికేళ్ల మనిషి.

"మా మనవరాలిని ముట్టుకుంటే షాక్ కొడుతుందట. మూలింటావిడ అంటోందని పాలవాడు చెప్పాడు. చిన్నప్పుడు దాని తలకి కరెంటు పెట్టించాం కదా, అది ఇంకా లోపలే తిరుగుతోందట. అదే నిజమైతే ఈ మిషను ప్లగ్గు దాని చెవిలో పెట్టేదాన్ని, బిల్లన్నా తగ్గేది. నిన్నూ ఆవిడే పంపిందా?"

"లేదండీ. గుండీ ఊడింది, కుట్టించుకుందామని."

"ఊడిన గుండీకి గుడ్డ ఇంత చిరగదు నాయనా. పీకావు."

"పీకానండీ."

"మంచిది. ఒసే బుడ్డీ, ఈయన పీక్కున్న గుండీ కుట్టిపెట్టు. కూర్చో అబ్బాయ్. ఇంట్లో ఎవరికి బాగోలేదు?"

"మా వాడికి. మూడేళ్లు నిండాయి. తల్లో గడ్డ. ఆపరేషన్ చేశారు గానీ మొత్తం రాలేదు. రేడియేషన్, అదే కరెంటు పెట్టాలంటున్నారు. పెట్టకపోతే మళ్లీ పెరిగి..."

"పెరిగి?"

"అదే, పెరుగుతుందట. రేపు ఏదో ఒకటి చెప్పాలి. మా ఆవిడ సరే అంటోంది. నేనే... మూలింటావిడేమో, ముందు ఆ దర్జీ వాళ్ల పిల్లని చూసిరా, తర్వాత సరే అందువుగాని అంది."

"చూడు మరి. టిక్కెట్టేం లేదు."

"పాపా, నీకెన్నేళ్లు? ... చెప్పమ్మా, సిగ్గా? బడికెళ్తున్నావా?"

"పంతొమ్మిది."

"పంతొమ్మిదో... ఏంటండీ?"

"వయసయ్యా. నీ మొదటి ప్రశ్నకి జవాబు అది. దానికి ప్రశ్న లోపలికి పోయి, కూర్చుని, మంచినీళ్లు తాగి బయటికొస్తుంది. కానీ వచ్చి తీరుతుంది. నువ్వు ఒకటడిగి కాసేపు నోరు మూసుకో."

"పంతొమ్మిదా? చూస్తే పదకొండేళ్ల పిల్లలా..."

"బస్సులో ఇప్పటికీ సగం టిక్కెట్టే. ఎంత ముద్దుగా ఉందోనని ఓ కండక్టరు బుగ్గ గిల్లాడు. వాడి వేలు కొరికింది."

"టెన్త్ రెండుసార్లు రాసి మానేశా."

"ఇదేమో బడి ప్రశ్నకి. ఇప్పుడు అర్థమైందా?"

"అర్థమైందండీ. ఆ గోడకి వేలాడేదేంటి?"

"దాని మొహం. మూడేళ్లప్పటిది. కరెంటు పెట్టేటప్పుడు తల కదలకుండా ఆ జాలీ మొహానికేసి బల్లకి బిగించేవాళ్లు. అంతా అయ్యాక ఇంటికిచ్చి పంపారు. దారం రీళ్లు వేసుకుంటున్నాం."

"ఏడ్చేదా?"

"దానికి మత్తిచ్చేవాళ్లు. ఏడ్చింది మేమే, మాకెవడూ మత్తివ్వలేదు."

"దాచకుండా చెప్పండి. ఏమేం పోయాయి?"

"ఎత్తు పోయింది. ఎడమ చెవి సగం పోయింది. మూలిల్లు అటువైపే కాబట్టి దానికి పెద్ద నష్టమేం లేదు. తల వెనక అరచేయంత మేర జుట్టు మొలవలేదు. రోజూ మాత్రలు. నిన్న చెప్పిన పని ఇవాళ గుర్తుండదు, ఎవరైనా తిడితే మాత్రం ఏళ్ల తరబడి గుర్తుంటుంది. అది కరెంటు వల్లో మా వంశం వల్లో డాక్టరు కూడా తేల్చలేకపోయాడు. గడ్డ మాత్రం మళ్లీ రాలేదు."

"మా వాడికీ ఇంతేనా?"

"ఇంత పోకపోవచ్చు. ఇంకా ఎక్కువే పోవచ్చు. ఇప్పుడు మిషన్లు మారాయంటున్నారు. నేను కుట్టేది జాకెట్లు, జాతకాలు కాదు."

"అమ్మా, నిన్నొకటి అడగనా? అసలు ఇదంతా చేయించకుండా వదిలేసి ఉంటే బాగుండేదని... నీకెప్పుడైనా అనిపించిందా?"

"ఏమయ్యోయ్."

"తప్పుగా కాదండీ. వద్దులేమ్మా, చెప్పొద్దు. గుండీ కుట్టుకో."

"అడిగాక వద్దంటే ఆగదు. ప్రశ్న లోపలికి వెళ్లిపోయింది."

"నా బాధల్లా ఏంటంటే... పొట్టిగా ఉన్నా ఫర్వాలేదు. రేపు బడిలో పిల్లలు ఏడిపిస్తే? ఉద్యోగం, పెళ్లి? నేను పోయాక వాణ్ణెవరు చూస్తారు? అంతా వాడి గురించే ఆలోచిస్తున్నా."

"వాడి గురించేనా?"

"వాడి గురించే. అంటే, నలుగురూ కూడా... ఏదో ఒకటి అంటారు కదండీ."

"ఆ నలుగురిలో ముగ్గురు మూలింటావిడే."

"మా నాన్న కూడా అంటున్నాడు. చిన్నవాళ్లేగా మీరు, ఇంకొకణ్ణి కనొచ్చని."

"ఆహా. గుండీ పోతే ఇంకో గుండీ."

"అలా కాదండీ. అలా అనలేదు నేను. ... ఇంక బయల్దేరతా. చొక్కా ఇచ్చెయ్యమనండి, ఎంతవరకు అయితే అంత."

"లాగకు, ఇంకా ముడెయ్యలేదు. అది కుట్టిన గుండీ ఊడాలంటే చొక్కా చిరగాలి. ఉండు. పెదాలు కదులుతున్నాయి, ఏదో వస్తోంది."

"ఏంటమ్మా? అయిపోయిందా?"

"నేను చచ్చిపోయుంటే బాగుండేదా అని కదా ఇందాక అడిగారు. ఎవరికి?"