ఎడ్గర్ ఈల

తప్పిపోయిన గొర్రెల్ని చెవిగాట్లు చూసి ఎవరివి వాళ్ళకి అప్పగించడం మధ్యాహ్నానికే అయిపోయింది. ఇక పబ్బులో కూర్చుని, ఇంగ్లండులోని ఈ కంబ్రియా కొండ మీది మందలన్నిటికీ ఈ ఏడు పెద్దకాపరి ఎవరో తేల్చాలి. ఇప్పటిదాకా మైల్స్. ఆ పదవి మీద అతని పెదనాన్న కొడుకు ఎడ్గర్‌కి కన్నుంది. మంచు ముంచుకొస్తే ఊరంతా పెద్దకాపరి మాట మీదే కొండెక్కుతుంది. ఎడ్గర్ మాట మీద ఎక్కితే ఎంతమంది దిగుతారో అతని భార్య థర్జాకి తెలుసు.

"పోయిన చలికాలం మంచులో కూరుకుపోయిన గొర్రెని తవ్వి తీశానా," ఎడ్గర్ మొదలెట్టాడు.

"ఒక్కటేనా?" అన్నాడు కమ్మరి.

"ఆగవయ్యా! దాని కింద ఇంకోటి, దాని కింద మందకి మంద! అన్నీ మా తమ్ముడు మైల్స్‌వే, పాపం వాడు దుప్పట్లో ఉన్నాడు. చంకకో పొట్టేలు, మెడ మీద రెండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పార విరిగింది! ఉఫ్ఫని ఊదాను. మంచు కరిగి వాగై పారింది, గొర్రెలు ఈదుకుంటూ ఇంటిదారి పట్టాయి, నేను వాగు మీద నడిచి ముందే వెళ్ళి గేటు తీశాను!"

"మరి అప్పుడు మీ ఆవిడ?" అడిగాడు కమ్మరి.

"పొయ్యి దగ్గర నాకు సూపు కాస్తోంది. ఆడదానికి కొండ మీదేం పని?"

అందరూ నవ్వారు. బల్లకి ఇవతల కూర్చున్న థర్జా చెవులు మండాయి. ఆ రోజు పొయ్యి దగ్గరున్నది ఎడ్గర్. కుక్కని తీసుకుని, మైల్స్‌తో పాటు కొండెక్కి తవ్వింది తను. ఇంటి పరువని ఎవరికీ చెప్పలేదు, మైల్స్‌నీ చెప్పొద్దని బతిమాలింది. ఆ పరువే ఇప్పుడు ఎదురుగా కూర్చుని మీసం తిప్పుతోంది.

"అన్నా, నీ కుక్కని పిలు," అన్నాడు మైల్స్.

ఎడ్గర్ ఈల వేశాడు. తలుపు దగ్గర పడుకున్న కుక్క లేవకుండా థర్జా కేసి చూసింది. అలవాటుకొద్దీ ఆమె బల్ల కింద వేలు కదిపింది. కుక్క పరుగున వెళ్ళి ఎడ్గర్ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"చూశారా!"

థర్జాకి తన వేలు చూస్తేనే సిగ్గేసింది.

"భేష్! ఇప్పుడు మళ్ళీ తలుపు దగ్గరికి పంపు," అన్నాడు మైల్స్. "వదినా, నువ్వు కాస్త చేతులు బల్ల మీద పెడతావా?"

ఎడ్గర్ ఆమె వైపు ఇంట్లో చూసే చూపే చూశాడు. థర్జా గ్లాసు పక్కకి జరిపి, రెండు చేతులూ బల్ల మీద పరిచింది.

ఎడ్గర్ ఈల వేశాడు. మళ్ళీ వేశాడు. కుక్క ఆమె చేతుల కేసే చూస్తూ కూర్చుంది.