ముందు సీటు

ఉబ్బిపోయిన బ్యాటరీని ఫోనులోంచి ఊడదీశాక, రిపేరు షాపతను ముసలి టాక్సీ డ్రైవరు ముఖంలోకి చూడలేకపోయాడు.

"లోపల చిప్పు కూడా పోయింది పెద్దాయనా. ఇక ఏమీ తీయలేం."

"మా ఆవిడ ఫోను బాబూ ఇది. తను పాడి దాచుకున్న పాటలున్నాయి. ఒక్కటైనా రాదా?"

"రాదండి. ఇంత వేడి ఎక్కడ తగిలింది?"

"కారు ముందద్దం దగ్గర. ఆవిడ పోయినప్పటినుంచీ అక్కడే పెట్టుకున్నా."

"ఈ ఎండల్లో అద్దం దగ్గరా? సీటు కింద పడేసినా బతికేది కదండీ."

"తెలుసు. నా ఫోను పెట్టేది సీటు కిందే."

"మరి ఇదెందుకలా?"

"ఆవిడ ఎప్పుడు కారెక్కినా ముందు సీటే కావాలనేది. దారి కనబడకపోతే ఊపిరాడదట."

షాపతను ఫోను మూత బిగించి, తుడిచి చేతికిచ్చాడు.

"బ్యాటరీ తీసేశాను. ఇక ఎండలో పెట్టినా దీనికేమీ కాదు."

"అయితే అక్కడే పెడతాలే బాబూ."