కొత్తవాడ కుర్చీలు, జ్యోతిరాణి గారి లెక్కలు

శ్రీమతి జ్యోతిరాణి గారు 1992వ సంవత్సరం జూలై ఆరవ తేదీ, సోమవారం ఉదయం, నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని మన ప్రజావిధాన అధ్యయన కేంద్రంలో పరిశోధన సహాయకురాలిగా విధులలో చేరారు. ఆనాడు మన కేంద్రం ఒక కంటి డాక్టరు గారి క్లినిక్‌కు పై అంతస్తులో ఉండేది. మెట్ల వద్దకు వచ్చినవారిలో ఎక్కువమంది కళ్లు చూపించుకునేవారే కావడం వలన, నియామక పత్రం చేతబట్టుకుని వచ్చిన జ్యోతిరాణి గారిని కూడా ఎవరో ఆ వరుసలోనే నిలబెట్టారనీ, కంట్లో చుక్కల మందు పడేదాకా ఆమె తాను ఎందుకు వచ్చిందీ చెప్పలేదనీ, అందుచేతనే హాజరు పట్టీలో ఆమె తొలి సంతకం గీత దాటి పోయిందనీ ఆనాటివారు చెబుతారు. ఇందులో నిజమెంతో ఆమె నేటికీ తేల్చలేదు.

కులం చేతనో, పేదరికం చేతనో వెనుకబడినవారికి ప్రభుత్వ పథకాలు చేరుతున్నాయా, చేరకపోతే ఏ మలుపులో ఆగిపోతున్నాయి అన్నది అంకెలతో చూపించి, విధానాన్ని మార్పించడం మన కేంద్రం పని. ఇటువంటి సంస్థలో పనిచేసి విరమించేవారిని అభినందిస్తూ, ఫలానా అధ్యయనం చేశారు, ఫలానా మేలు జరిగింది అని వరుసగా రాసుకుంటూ పోవడం ఆనవాయితీ. జ్యోతిరాణి గారి విషయంలో ఆ వరుస కుదరడం లేదు. ఆమె సాధించిన ప్రతి మేలు వెనుకా ఒక సందేహం ఉంటుంది, ఆ సందేహాన్ని పట్టుకొచ్చేది కూడా ఆమే. కనుక ఈ వ్యాసంలో కొంత అయోమయం కనిపిస్తే పాఠకులు మన్నించాలి. అది వ్యాసకర్తది మాత్రమే కాదు.

మోర్తాడ్‌లో పసుపు పండించే రైతు కుటుంబంలో జన్మించి, అర్థశాస్త్రం చదివి వచ్చిన ఆమెకు తొలి సంవత్సరాలలో అప్పగించినది బీడీలు చుట్టే మహిళల స్థితిగతుల అధ్యయనం. వేల్పూర్, మోర్తాడ్ పరిసర గ్రామాల గడపల వద్ద వారి పక్కనే కూర్చుని, వారి చేతుల వేగం తగ్గకుండానే మాట రాబట్టే నేర్పు ఆమెకు అప్పుడే అబ్బింది. ఆ మహిళల కోసం నడిచే ఒక దవాఖాన ఉదయం పూట మాత్రమే తెరుస్తారనీ, సరిగ్గా ఆ వేళకే వారు చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి పోవలసి ఉంటుందనీ, అందువలన దగ్గుతో బాధపడేవారే మందుకు నోచుకోవడం లేదనీ ఆమె నివేదిక తెలిపింది. వేళలు సాయంత్రానికి మారాయి. కేంద్రంలో అందరూ సంబరపడుతుండగా, పొయ్యి మీద కూర విడిచి సాయంత్రం ఎవరు వస్తున్నారో చూసి వస్తానని ఆమె మళ్లీ బయలుదేరారు, సగం మేలే జరిగిందని రెండో నివేదిక రాశారు. ఇటువంటి మనిషిని పొగడాలో మందలించాలో అప్పటి సంచాలకులకు అర్థం కాలేదు. ఆయన పరిస్థితి మాకు ఇప్పుడు తెలిసివస్తున్నది.

అనంతరం ఆమె క్షేత్ర సర్వేల బాధ్యురాలై, కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ ఒకే నియమం నేర్పారు: ఇంటి ముందు రాసుకున్న అంకెను ఆఫీసులో మార్చరాదు. పెద్ద అధికారులు వచ్చే ముందు ఒక పట్టికను కాస్త నునుపు చేద్దామని నేటి సంచాలకులు శ్రీ భానుప్రసాద్ గారు సూచించినప్పుడు కూడా ఆమె ఒప్పుకోలేదు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి అని ఆమెకు పేరు వచ్చింది గాని, ఆ కాళ్లను స్వయంగా లెక్కపెట్టి వచ్చిన తరువాతనే ఆమె ఆ మాట అనేవారని భానుప్రసాద్ గారే ఒప్పుకుంటారు. బోధన్‌లో చక్కెర మిల్లు మూతపడిన తరువాత చెరుకు రైతుల కష్టం గురించి ఎందరో రాశారు. భూమి లేక, ఆ చెరుకును నరికి బతికిన దళిత కుటుంబాలు ఏమయ్యాయని అడిగినవారిలో జ్యోతిరాణి గారు మొదటి వరుసలో ఉన్నారు. ఆ అధ్యయనంతోనే కొత్తవాడ పేరు మన నివేదికలలోకి వచ్చింది.

కొత్తవాడ బోధన్‌కు అవతల, కాలువ గట్టు దాటిన తరువాత ఉంటుంది. పేరుకే కొత్త, తాతల నాటి వాడ. అక్కడ దవాఖాన లేదు. హన్మవ్వ అనే పెద్దావిడ కోడలు బోధన్ చేరకముందే, ఆ గట్టు మీద, ఆటోలో ప్రసవించింది. రెండేళ్ల క్రితం ప్రభుత్వం కొన్ని పల్లెలకు ఆరోగ్య ఉపకేంద్రాలు ఇవ్వ సంకల్పించి, అన్నిటికంటే వెనుకబడిన పల్లెలను వరుస కట్టి ఇవ్వమని మన కేంద్రాన్ని కోరింది. ఇంటింటికీ పోయి ఇల్లు, నీళ్లు, చదువు, సామాను రాసుకుని, ఆ లెక్కన వరుస కట్టాలి. గీతకు కింద ఉన్నవారికి ఉపకేంద్రం, పైన ఉన్నవారికి లేదు. కొత్తవాడకు తప్పక వస్తుందని అందరూ అనుకున్నారు. లెక్క తేలాక చూస్తే కొత్తవాడ గీతకు పైన ఉంది. ప్రతి ఇంటా కుర్చీలు, ప్రతి ఇంటా టేబుల్ ఫ్యాను. కరెంటు కనెక్షన్ లేని ఇళ్లలో కూడా ఫ్యాను ఉన్నట్టు రాసి ఉంది.

అయోమయంలో పడిన జ్యోతిరాణి గారు మరునాడే బోధన్ బస్సు ఎక్కారు. హన్మవ్వ ఇంట్లో ఆమెను ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్యాను ఎదుట పెట్టి, చాయ్ ఇచ్చారు. ఆ కుర్చీ వెనుక పగిలిన చోట రాగి తీగతో కుట్టి ఉంది. పక్కింటికి పోతే అక్కడా ఎర్ర కుర్చీయే, అక్కడా రాగి తీగ కుట్టే. ఇంకొక ఇంటి ఇల్లాలు మాత్రం ఆమెను గడపలోనే నిలబెట్టి, పిల్లలెందరనీ, మోకాళ్ల నొప్పులకు ఏం వాడుతున్నారనీ అడిగి అడిగి, చివరికి వెనుక వాకిలి చప్పుడైన తరువాతనే లోపలికి రమ్మన్నది. లోపల ఆ కుర్చీ ఉంది, దానిని మోసుకొచ్చినవారి రొప్పు ఇంకా వినిపిస్తున్నది. ఆ కుర్చీలూ ఫ్యానూ అదే వాడలోని నాగవ్వ అనే ఆవిడ ఇంటివి. ఆమె కొడుకు మస్కట్ నుంచి వచ్చినప్పుడు కొన్నవి. వాడలో ఎవరింటికి చుట్టం వచ్చినా అవి ముందుగా ఆ ఇంటికి చేరుతాయి, పిల్లను చూడవచ్చినవారికీ అంతే, సర్వేకు వచ్చినవారికీ అంతే. మోసం చేద్దామన్న తలంపు అందులో ఎవరికీ లేదు. మన సిబ్బంది ఒక ఇంటి నుంచి ఇంకొక ఇంటికి నడుస్తుంటే, కుర్చీలు వారికంటే ముందు నడిచాయి.

ఇది ఎందుకు చేశారని జ్యోతిరాణి గారు అడిగితే హన్మవ్వకు ప్రశ్నే అర్థం కాలేదు. తిప్పి తిప్పి అడిగిన తరువాత ఆమె ఇలా అన్నారు: "సుట్టమొస్తే కింద కూసోబెడ్తమా బిడ్డా? మా బాపును ఈ ఊర్ల కుర్చీ మీద కూసో అన్నోడు ఒక్కడు లేకుండె. సచ్చేదాంక కిందనే కూసున్నడు. మా వాడకొచ్చినోళ్లను మాత్రం మేం కింద కూసోనియ్యం."

కుర్చీల వలన దవాఖాన చేజారిపోతున్నదని జ్యోతిరాణి గారు అప్పుడు వివరించి చెప్పారు. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చున్న జ్యోతిరాణి గారికి మోర్తాడ్‌లోని తమ ఇంటి అరుగు గుర్తుకు వచ్చింది. పసుపు తవ్వే కాలంలో ఆ అరుగు ముందు మట్టిలో కూర్చున్నవారంతా గుర్తుకు వచ్చారు. వారికి కుర్చీ వేయడం ఆ ఇంట్లో తాను ఒక్కసారి కూడా చూడలేదని తోచి, ఆమె మనసు చివుక్కుమన్నది. మన ప్రశ్నలలో ఇంట్లో కుర్చీ ఉందా అన్నది ఉంది గాని, ఊరిలో మిమ్మల్ని కుర్చీలో కూర్చోమంటారా అన్నది లేదు. ఏది సంపద, ఏది లేమి అన్నది ఇన్నేళ్ల తరువాత తనకు తెలియకుండా పోయిందని ఆమె మరునాడు భానుప్రసాద్ గారితో అన్నారు.

ఇప్పుడు చేయవలసినదేమిటి? అంకెను మార్చరాదన్నది ఆమె స్వయంగా నేర్పిన నియమం. ఉన్నదున్నట్టు పంపితే కొత్తవాడకు దవాఖాన పోతుంది. కుర్చీలు అరువువని రాస్తే ఆ వాడ మర్యాద అచ్చులో పోతుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది. కొత్తవాడ వరకు కుర్చీలు కొట్టివేసి ఊరుకుందామని భానుప్రసాద్ గారు దయతోనే అన్నారు. ఒక వాడకు ఒక లెక్క, మిగతా పల్లెలకు ఒక లెక్క ఎట్లా కుదురుతుందని జ్యోతిరాణి గారు ప్రశ్నించారు. కుదరదని ఆయనా ఒప్పుకున్నారు.

ఏమి రాయాలో కొత్తవాడనే అడుగుదామని ఆమె మళ్లీ పోయారు. సర్వేలు చేసేవారు సాధారణంగా చేయని పని అది. వాడలో పెద్ద వాదమే జరిగింది. దవాఖాన కంటే మానం పెద్దదా అని కొందరు, మానం పోయాక దవాఖాన ఎందుకని కొందరు. నాగవ్వ తన కుర్చీల వలన ఇంత వచ్చిందని కంటతడి పెట్టుకుంటే, అందరూ ఆమెను సముదాయించడంలో పడ్డారు. చివరికి మాట తేల్చినది హన్మవ్వ.

"మంగిపిచ్చుకున్నరని రాయకు. కుర్చీ వాడది అని రాయి. అబద్ధం గాదు. నాగవ్వ ఎన్నడన్న ఇయ్యనన్నదా?"

అడుక్కుని తెచ్చుకున్నారని రాయవద్దు, అందరిదీ అని రాయమని ఆ మాటకు అర్థం. జ్యోతిరాణి గారు తిరిగి వచ్చి, ప్రతి వస్తువు ఎదుటా ఇది ఇంటిదా, వాడదా అని కొత్త ప్రశ్న చేర్చి, జిల్లాలోని ఎంపికైన పల్లెలన్నిటికీ సిబ్బందిని మళ్లీ పంపారు. గడువు దగ్గర పడుతుండగా, ఎండలో, అదే గడపలకు మళ్లీ పోవలసి వచ్చిన మా అందరికీ తల ప్రాణం తోకకు వచ్చింది. మేము సణిగాము, కొందరం పైకే సణిగాము. ఆమె శ్రీవారు పరమేశ్వర్ గారు సైతం, ఇంట్లో నిచ్చెన మనదా, పక్కింటిదా అని ఆమె తనను ఆరా తీస్తున్నారని ఫోనులో వాపోయారు. ఆ ప్రశ్న ఇప్పుడు మన కేంద్రం చేసే ప్రతి సర్వేలోనూ ఉంది.

కొత్త లెక్కలో కొత్తవాడ గీత కిందికి వచ్చింది, ఉపకేంద్రం మంజూరైంది, గోడలు లేస్తున్నాయి. ఇక్కడితో ఆపగలిగితే ఈ వ్యాసం చక్కగా ముగిసేది. కాని ఇచ్చేవి కొన్నే ఉపకేంద్రాలు కాబట్టి, కింద చేరినవారితో పాటు పైకి జరిగినవారూ ఉంటారు. వేల్పూర్ వైపు గుట్టకిందిపల్లె అనే చిన్న ఊరు మొదటి లెక్కలో ఎంపికై, రెండో లెక్కలో గీతకు కాస్త పైకి జరిగింది. దవాఖాన వస్తుందని విని ఆ ఊరివారు అప్పటికే ముళ్లకంపలు కొట్టి జాగా చదును చేసి పెట్టుకున్నారు. వారు చేసిన తప్పేమీ లేదు. మన లెక్కలోనూ తప్పు లేదు. న్యాయం జరిగినచోటనే అన్యాయం ఎట్లా జరిగిందో కేంద్రంలో ఎవరమూ చెప్పలేకపోయాము. వచ్చే విడతలో గుట్టకిందిపల్లెకు తొలి స్థానం ఇవ్వాలని జ్యోతిరాణి గారు తన చివరి నివేదిక రాసి పంపారు. దానికి జవాబు ఇంకా రాలేదు.

విరమణ తరువాత తొలి కార్యక్రమం ఏమిటని అభినందన సభ ఏర్పాట్ల నడుమ భానుప్రసాద్ గారు అడిగారు. యాత్రలనో, మనవరాలనో అంటారని ఆయన ఎదురుచూశారు. మరునాడు పొద్దున గుట్టకిందిపల్లెకు పోతానని ఆమె అన్నారు. ఉద్యోగంలో లేని మనిషి అక్కడికి పోయి ఏమి చెప్తారని ఆయన తెల్లబోయి అడిగితే ఆమె ఇచ్చిన జవాబును ఉన్నదున్నట్టు రాస్తున్నాము.

"ఏం చెప్పాల్నో నాకే సమజైతలేదు సార్. లెక్క మార్చిన మనిషిని నేనే. ఆ మాటన్న నా నోటితోని వినాలె కదా వాళ్లు. తిడితే పడ్త."

కార్యాలయ వాహనం పంపుతామన్నారు భానుప్రసాద్ గారు. పదవిలో లేనివారికి అది నియమ విరుద్ధమని ఆమె గుర్తు చేశారు. మూడు దశాబ్దాలకు పైగా ఈ జిల్లా పల్లెలను నడిచి చూసిన ఆ పాదాలకు నొప్పి తగ్గాలని, చూపు చల్లగా ఉండాలని, పరమేశ్వర్ గారితోనూ పిల్లలతోనూ ఆమె ఇల్లు కళకళలాడాలని సహోద్యోగులమందరమూ మనసారా కోరుకుంటున్నాము. భగవంతుడు ఆమెకు సంపూర్ణ ఆరోగ్యాన్నీ దీర్ఘాయువునూ ప్రసాదించాలి. గుట్టకిందిపల్లెకు ఒక్కసారి పోయి వస్తే సరిపోయేటట్టు లేదు.